విభూదిలో కలిసిన చీటీలు

శౌరమ్మక్క కొండ దిగి వస్తుంటే కోతులు పక్కకి తప్పుకునేవని నేను చెబితే మా మనవరాలు బ్లెస్సీ నమ్మదు. "నీ కోతలకి కోట బురుజులు కూడా కదులుతాయి తాతయ్యా" అంటుంది. కదిలితే కదలనీ. కోతులు తప్పుకోవడం నేను కళ్లారా చూశాను. ఒక గండుకోతి అయితే ఆవిడ దాటి వెళ్లేదాకా చేతులు కట్టుకుని నుంచుంది. ఇందులో చేతులు కట్టుకున్న సంగతి ఒక్కటీ నేను కలిపాను. మిగిలింది నిజం. ముందు చెప్పబోయే దాంట్లో కూడా ఎక్కడైనా కలిపితే, కలిపానని అక్కడే చెప్పేస్తాను. ఈ కథలో కలిపిన మాటని ఆవిడ ఒప్పుకోదు.

కొండపల్లి స్టేషన్లో దిగి, థర్మల్ కరెంటు కేంద్రం గొట్టాలు వీపు వెనక పెట్టుకుని కొండ వైపు నడిస్తే ఇరవై నిమిషాల్లో జోజిపాలెం వస్తుంది. ముప్ఫై ఎనిమిది ఇళ్లు, జోజప్పగారి, అంటే పునీత యోసేపు పేరు మీద ఒక చిన్న గుడి, గుడి వెనక సమాధులు, ఆ వెనక కొండ. ఆ కొండని నెమళ్లబోడు అంటారు. రిజర్వు అడవిలో అదొక ముక్క. శౌరమ్మ పుట్టింది, పెరిగింది, ముసలిదైంది ఆ ముక్క కిందే.

ఆవిడ తండ్రి రాయప్ప ఆ గుడికి ఉపదేశి. స్వామివారు నెలకొకసారి వచ్చి పూజ చేసి వెళ్లేవారు. మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేది రాయప్పే. ప్రార్థన కడుపు నింపదు గనక మిగతా ఆరు రోజులూ ఆయన కూడా అందరిలాగే గొడ్డలి పట్టుకుని నెమళ్లబోడు ఎక్కేవాడు. ఎండుకట్టెలు మోపు కట్టి రైల్లో బెజవాడ పంపేవారు. తెల్లపొణికి దొరికితే బొమ్మలు చేసేవాళ్లకి ఇచ్చేవారు. ఆ కర్ర ముల్లంగిలా తెగుతుంది, ఎండితే దూదిలా తేలిక. కొండపల్లి బొమ్మల్లో ఏనుగైనా అంబారీ అయినా ఒకప్పుడు పొణికి చెట్టే.

గార్డులు పట్టుకునేవారు. జరిమానా కట్టించుకుని ఒక చీటీ ఇచ్చేవారు. అరచేయంత కాగితం. పైన ఇంగ్లీషు అచ్చు, కింద సిరాతో పేరు, తండ్రి పేరు, పాలెం పేరు, ఏ కొండ మీద ఏ చెట్టు కొట్టారు, ఏ తేదీ. పాలెంలో ఎవరికీ ఇంగ్లీషు రాదు. నేను మదర్ల కాన్వెంటు బళ్లో చదువుకుంటున్న పిల్లాణ్ణి కనక, సెలవులకి ఇంటికొస్తే ఆ చీటీలు చదివి పెట్టే పని నాది. "ఇందులో నిన్ను జమీందారు అని రాశారు బాబాయ్" అని నేను ఆటపట్టించేవాణ్ణి. వాళ్లు నవ్వేవారు కాదు. ఆ చీటీ అంటే వాళ్లకి సిగ్గు. దొంగ అని సర్కారు రాసిచ్చిన కాగితం.

అంతకు ముందు, నేనింకా బడికి పోని రోజుల్లో ఉన్న ఇటలీ స్వామి ఈస్టరు ముందు నలభై రోజుల తపస్సుకాలంలో ఒకసారి ప్రసంగం చేస్తూ, ఒకరి చెట్టు కొట్టడం కూడా దొంగతనమే, అది పాపసంకీర్తనంలో చెప్పుకోవాలి అన్నారట. రాయప్ప మనసులో అది ముల్లులా దిగింది. మరుసటి ఏడు, తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారానికి ముందు రోజు ఆయన పాలెమంతా తిరిగి అందరి చీటీలూ పోగుచేశాడు. ఏటా ఆ రోజున, కిందటేడు మట్టల ఆదివారం నాటి ఎండిన మట్టలు కాల్చి విభూది చేస్తారు. ఆ మట్టలతో పాటు ఈ చీటీలు కూడా కాల్చాలని ఆయన ఆలోచన. మన దొంగతనం మన నొసటి మీదే బూడిదగా పెట్టుకుందాం, మళ్లీ చేయకుండా ఉందాం అన్నాడు. తన తండ్రి నాటి చీటీలు వెదురుగొట్టంలో దాచి ఉంటే అవి కూడా తీసి వేశాడు. ఆ కుంపటి పట్టుకున్నది ఎనిమిదేళ్ల శౌరమ్మ. చెయ్యి కాలినా కింద పెట్టలేదట. మచ్చ ఇప్పటికీ ఉంది, నాకు చూపించింది.

ఆ ఏడుతో మొదలై అది ఆనవాయితీ అయింది. ఏటా మట్టలు, మట్టలతో చీటీలు. నొసట బూడిద పెట్టుకుని ఇంటికెళ్లి, గురువారం పొద్దున్నే మళ్లీ కొండెక్కేవారు. మరేం తింటారు? రాయప్ప పోయాక ఆ పని శౌరమ్మది. వేరే విచారణల్లో, అంటే వేరే స్వాముల కింద ఉన్న గుళ్లలో, ఇలా ఎక్కడా చేయరు. ఇది జోజిపాలెం వాళ్లు తమంతట తాము కనిపెట్టుకున్న సిగ్గు.

ఉయ్యూరు వైపు చెరుకు నరికే అంతోని ఆవిడని చేసుకుని పాలేనికే వచ్చేశాడు. మాట తక్కువ, గొడ్డలి ఎక్కువ. ఇద్దరు బిడ్డలు. వాళ్లు నడకలు నేర్చేసరికి నెమళ్లబోడు బోడిగుండు అయింది. మోపు కోసం రెండు కొండలు దాటి పోవాల్సి వచ్చేది. అలా పోయిన ఒక వానాకాలం అంతోని జారిపడి నడుం విరిగి, మూడేళ్లు మంచంలో ఉండి చనిపోయాడు. "కొండ కొట్టేశాం. కొండ ఊరుకుంటుందా" అని ఆవిడ అప్పట్నుంచీ అంటూ ఉండేది.

తొంభై ఎనిమిదిలో అడవి ఆఫీసరు ఒకాయన జీపులో వచ్చి, వనసంరక్షణ సమితి పెట్టుకోండి, కొండని మీరే కాయండి, పెరిగిన దాంట్లో మీకూ వాటా ఉంటుంది అన్నాడు. అధ్యక్షుడు ఎవరంటే మగవాళ్లు ఒకరినొకరు ఒప్పుకోలేదు. అప్పుడు శౌరమ్మ లేచి, "గుడి ఊడ్చే వారం ఎవరిదో కొండ కాసే వారం కూడా వాళ్లదే. ఇందులో అధ్యక్షుడేంటి, చీపురుకో అధ్యక్షుడా?" అంది. అంతే, ఆవిడనే పెట్టేశారు.

ఆ కట్టుబాటు ఇరవై ఆరేళ్లు నడిచింది. శనివారం గుడి ఊడ్చిన ఇల్లు ఆదివారం నుంచి కొండ కాస్తుంది. చీపురుతో పాటు ఒక వెదురు కర్ర చేతులు మారేది. పొణికి గింజ మొండిది, ఒక పట్టాన మొలవదు. శౌరమ్మ ఆ గింజల పెంకు గుడి మెట్టు మీద అరగదీసి, పేడనీళ్లలో నానేసి, కొండ మీద గుచ్చేది. మెట్టు అరిగి గిన్నెలా గుంట పడింది. వాన పడితే అందులో పిచ్చుకలు స్నానం చేసేవి. ఒకసారి స్వామివారి కోడిపుంజు ఈత కొట్టింది. పుంజు సంగతి నేను కలిపాను.

పదేళ్లకి కొండ పచ్చబడింది. ఇరవయ్యేళ్లకి పక్క ఊరివాళ్లు నెమళ్లబోడు మీద నెమళ్లు తిరుగుతున్నాయని చెప్పుకోవడం మొదలుపెట్టారు.

నేను కొండపల్లి బజారులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాణ్ణి. నెలాఖరుకి సమితి నివేదిక టైపు చేయించుకోవడానికి ఆవిడ వచ్చేది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, మిషను పక్కన నుంచుని ప్రతి అక్షరాన్నీ కాపలా కాసేది.

"మేస్టారూ, ఈ నెలది కొట్టండి."

"నేరాలు అని ఒక గడి ఉందక్కా. అడవి నుంచి ఏం తెచ్చినా రాయాలట. అందులో?"

"లేవు."

"మొన్న మీవాళ్లు చీపురుపుల్ల కోసుకొస్తుంటే చూశానే."

"చీపురుపుల్ల నేరమేంటి? అది కొండ పెట్టేది. లేవు అని కొట్టండి."

"చింతపండు? ఎండుకట్టెలు?"

"మీరు టైపు కొట్టేవాళ్లా, గార్డా? మా నాయన ఆ చీటీలన్నీ కాల్చింది మళ్లీ రాయించుకోడానికా? మా పాలేనికి మచ్చ రాకూడదు. లేవు అంటే లేవు."

నేను 'లేవు' అని కొట్టేవాణ్ణి. ఇరవై ఆరేళ్లు, నెలకొకటి. ఆ మూడు అక్షరాలూ నా వేళ్లకి ప్రార్థనలా అలవాటైపోయాయి. మూడు కాదు, రెండే. చూశారా, అక్షరాలు కూడా కలిపేస్తాను.

రెండు వేల ఇరవై మూడు ఎండాకాలంలో కొలతల వాళ్లు వచ్చారు. నెమళ్లబోడు చుట్టూ ఎర్రరంగు రాళ్లు పాతారు. ఏదో రోడ్డు పనికి కంకర కావాలట. కొండని అడవి లెక్కలోంచి తీసేసి ఇస్తారట. శౌరమ్మ ఎర్రరాయి మీద కూర్చుని ఆ కొండ చూసుకునే అడవి శాఖ బీట్ ఆఫీసరు లక్ష్మీకాంత్‌కి కబురు పెట్టింది. ముప్ఫై ఏళ్ల కుర్రాడు, మంచివాడు. ఆవిడని మామ్మా అనేవాడు.

"ఏం బాబూ, మేము కాసింది వీళ్ల కోసమా?"

"నా చేతిలో ఏముంది మామ్మా? పైనుంచి వచ్చింది."

"పైనుంచంటే? దేవుడి దగ్గర్నుంచా?"

"అంత పైనుంచి కాదులెండి. కానీ మీకూ నాకూ అందనంత పైనుంచి."

ఆవిడ మనవరాలు డయానా అప్పుడు లా చదువుతోంది. గన్నవరం దగ్గర కాలేజీ, రోజూ బస్సులో పోయి వచ్చేది. ఆ పిల్ల ఒక ఆదివారం పూజ అయ్యాక అందర్నీ గుడి వసారాలో కూర్చోబెట్టి చెప్పింది. అడవి మీద బతికే ఊళ్లకి ఆ అడవి మీద సామూహిక హక్కు ఇచ్చే చట్టం ఉంది. ఆ హక్కు పత్రం వస్తే కొండని ఎవరికైనా ఇవ్వాలంటే ముందు మన గ్రామసభ సరే అనాలి. మనం వద్దంటే వద్దే.

"అయితే తెచ్చుకుందాం" అంది శౌరమ్మ, కొట్లో ఉప్పు తెచ్చుకుందాం అన్నట్టు.

"అంత తేలిక కాదు మామ్మా. మనం గిరిజనులం కాదు. గిరిజనులు కానివాళ్లయితే మూడు తరాల నుంచి, డెబ్బై అయిదేళ్లకి ముందు నుంచి ఈ అడవి మీదే బతికినట్టు రుజువు చూపాలి. అది కూడా రెండు రకాల రుజువు. పెద్దవాళ్ల మాట ఒకటి. రెండోది ఇంకేదైనా."

"రెండోది చూద్దాంలే. ముందు మాట చెబుతాగా, నేనున్నాను."

ఆవిడ చెప్పింది. నేను టైపు చేశాను. కొండ మీద ఏ వాగు ఎక్కడ పుడుతుందో, ఏ రాయి కింద ఎవరి తాత గొడ్డలి దాచేవాడో, ఏ గుంటలో ఏ ఏడు చివరి పొణికి కొట్టారో, పదకొండు పేజీలు. మధ్యలో నేను ఒక చిరుతపులిని ప్రవేశపెడితే, చదివించుకుని విని కొట్టేయించింది. "పులి లేదు మేస్టారూ. తీసేయండి" అంది. గ్రామసభ పెట్టారు, తీర్మానం చేశారు, పాలెమంతా నడిచి కొండకి పటం గీసుకున్నారు. రెండో రుజువు కింద గుడి వెనక సమాధులు చూపించారు. డివిజన్ కమిటీ వాళ్లు వచ్చి చూసి, "ఊరు పాతదేనని తెలుస్తోంది. కానీ సమాధులు కొండ కింద ఉన్నాయి కదమ్మా. కొండ మీద బతికినట్టు ఇది రుజువు కాదు" అన్నారు. ఇంకేదైనా ఉంటే తెమ్మని గడువు ఇచ్చారు.

ఆ వారమే డయానా పరుగున వచ్చింది. నేను ఆ రోజు పాలెంలోనే ఉన్నాను. శౌరమ్మ గుడి మెట్టు మీద కూర్చుని గింజలు అరగదీస్తోంది.

"మామ్మా! దొరికింది. మా సార్ చెప్పారు. పాత రోజుల్లో అడవిలో చెట్లు కొట్టినందుకు వేసిన జరిమానా చీటీలు ఉంటే చాలంట. సర్కారే రాసిచ్చిన సాక్ష్యం. పేరు ఉంటది, ఊరు ఉంటది, కొండ పేరు ఉంటది, తారీకు ఉంటది. దానికి ఎవరూ అడ్డం చెప్పలేరు. మన తాతల నాటివి ఎవరింట్లోనైనా ఒక్కటి ఉన్నా..."

శౌరమ్మ చెయ్యి ఆగిపోయింది. గింజ జారి ఆ అరిగిన గుంటలో పడింది.

"ఏంటి మామ్మా? లేవా? ఒక్కటన్నా?"

"ఉండేవి" అంది. "మా తాతవి కూడా ఉండేవి. వెదురుగొట్టంలో."

"ఏమైనాయి?"

ఆవిడ బొటనవేలితో తన నొసలు చూపించింది. చీటీలు ఆగిపోయాక పుట్టిన ఆ పిల్లకి అర్థం కాలేదు. నాకు అర్థమై, నవ్వించడానికి ఏదో ఒక మాట కోసం వెతుక్కున్నాను. డెబ్బై ఏళ్లలో మొదటిసారి నాకు ఒక్క అబద్ధం కూడా తోచలేదు.

పాలెమంతా వెతికారు. పాత జపపుస్తకాల్లో, దూలాల సందుల్లో, పెళ్లిపెట్టెల అడుగున. జోజిపాలెం వాళ్లు అన్నీ దాచుకుంటారు, బాప్తీస్మపు గుడ్డలు కూడా. ఆ చీటీలు ఒక్కటీ లేవు. అంత నిష్ఠగా కాల్చారు.

లక్ష్మీకాంత్ ఒక ఆశ పెట్టాడు. చీటీ రాసినప్పుడు ఆఫీసులో ఒక ప్రతి ఉంటుందట. పాత రిజిస్టర్లు బెజవాడలో ఒక గోదాములో పడేశారట. పెద్దాఫీసరు సంతకం పెట్టించుకుని మూడు నెలలకి అనుమతి తెచ్చాడు. రెండు వేల ఇరవై నాలుగు సెప్టెంబరు రెండో వారంలో వెళ్దామనుకున్నారు. మొదటి తేదీకే బుడమేరు పొంగింది. ఆ నీళ్లలో సింగ్ నగర్ మునిగింది, ఇళ్లు మునిగాయి, మనుషులు పడవల్లో పాలు తెచ్చుకున్నారు. అంత గోడులో గోదాముని ఎవరు తలుచుకుంటారు? నీళ్లు తీశాక అతను శౌరమ్మనీ నన్నూ తీసుకెళ్లాడు. గోదాములో రిజిస్టర్లు ఉన్నాయి. అన్నీ కలిసి ఒకటే ముద్ద, రోట్లో రుబ్బినట్టు. శౌరమ్మ ఆ ముద్దలోంచి ఒక పొర ఒలిచి చూసింది. నీలం సిరా మరక ఉంది, అక్షరం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను చెవిలో చెప్పాను.

"అక్కా, నాకు ఆ చీటీలు ఎలా ఉంటాయో అచ్చు గుద్దినట్టు గుర్తుంది. నా దగ్గర పాత కాగితం ఉంది. టీ డికాషన్లో ముంచి ఎండబెడితే నా తాత కూడా పోల్చుకోలేడు. మీ నాయన పేరు మీద ఒక్కటి..."

ఆవిడ టిక్కెట్టు మడిచి కొంగున ముడేసుకుంది. బస్సు ఇబ్రహీంపట్నం దాటింది.

"మీరు రాస్తే బాగానే రాస్తారు. ఆ సంగతి నాకు తెలుసు."

"మరి?"

"ఆ చీటీ తీసుకున్న రోజు మా నాయన అన్నం తినలేదు మేస్టారూ. మీరు రాసిందానికి ఎవరు పస్తు ఉన్నారు? నాకొద్దు."

"కొండ పోతుందక్కా."

"పోద్దేమో. దొంగ కాగితంతో మట్టుకు వద్దు. దొంగతనం కాల్చినోళ్లం, మళ్లీ దొంగతనం చేసి తెచ్చుకుంటే ఇన్నాళ్లూ ఆ బూడిద ఎందుకు పెట్టుకున్నట్టు?"

ఆ బస్సు దిగి నేను పరిగెత్తి ఆవిడకి తెలియకుండా ఒక చీటీ తయారుచేశానని, అది పెట్టి కొండని కాపాడానని కథ చెబితే ఎంత బాగుండేది! మా బ్లెస్సీకి ఆ కథే చెబుదామనుకున్నాను. కానీ నేను అలా చెయ్యలేదు. ఆవిడ వద్దంది.

కమిటీ ముందు ఆఖరి విచారణ రెండు వేల ఇరవై అయిదు జనవరిలో జరిగింది. ఒక పెద్ద హాలు, ఫ్యాన్లు, వరసగా నీళ్ల సీసాలు. శౌరమ్మ తెల్లచీర కట్టుకుని మెడలో జపమాల వేసుకుని వచ్చింది. చీటీలు కాల్చిన సంగతి దాచకుండా చెప్పింది. కమిటీలో ఒకాయన ముసిముసిగా నవ్వాడు. కళ్లద్దాల ఆయన మాత్రం నవ్వలేదు. ఆయన దగ్గర ఒక లావు ఫైలు ఉంది. తెరిచి చూస్తే నా టైపు నేను గుర్తుపట్టాను.

"ఇవి మీ సమితి నివేదికలేనామ్మా?"

"అవునండి. ఇరవై ఆరేళ్లవి. ఒక్క నెల తప్పలేదండి" అంది ఆవిడ, కొంచెం గర్వంగా కూడా.

"ఇందులో ప్రతి నెలా నేరాల గడిలో 'లేవు' అని ఉంది, అంటే అడవి నుంచి ఎవరూ కట్టె గానీ గడ్డి గానీ మరే ఫలసాయం గానీ తీసుకోలేదని. కింద మీ వేలిముద్ర ఉంది."

"ఉందండి."

"మరి ఈ అడవి మీద ఆధారపడి బతుకుతున్నామని మీరే అంటున్నారు. ఏది నిజం?"

శౌరమ్మ నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"చీపురుపుల్ల తెచ్చుకున్నామండి. చింతపండు, ఎండుకట్టెలు తెచ్చుకున్నామండి. రాయించలేదు."

"ఎందుకు రాయించలేదు?"

"మచ్చ వస్తదని" అంది.

ఆయన పెన్ను కింద పెట్టాడు. మంచివాడే. "నేను కాగితం చూసి రాయాలమ్మా" అన్నాడు. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. రెండో రుజువు లేదు. పైగా దరఖాస్తుదారుల సొంత నివేదికల ప్రకారమే అడవి మీద ఆధారపడినట్టు కనబడదు. దరఖాస్తు తిరస్కరించడమైనది. డయానా పై కమిటీకి పెట్టింది. అక్కడా అవే రెండు వాక్యాలు, సంతకం మాత్రం వేరు.

జూన్‌లో యంత్రాలు వచ్చాయి. మొదటి రోజు పాలెమంతా వెళ్లి అడ్డం కూర్చున్నారు. పోలీసులు వచ్చి మర్యాదగానే లేపేశారు. రెండో రోజు సగంమంది వచ్చారు. నాలుగో రోజు శౌరమ్మ, డయానా, నేను. అయిదో రోజు డయానాకి పరీక్ష. మిగతావాళ్లని తప్పుపట్టలేను. కంకర లారీలు లెక్కపెట్టే పని అక్కడే ఇచ్చారు, ఎనిమిది మంది చేరారు. వాళ్లలో శౌరమ్మ కొడుకు జాన్‌బాబు ఒకడు.  ఆవిడ వాడికి అన్నం పెట్టేటప్పుడు కంచం ముందుకి తోసేది, అంతే.

కొండని తూర్పు నుంచి తింటూ వచ్చారు. జులై మూడో వారానికి పొణికి చెట్ల గుంట దగ్గరికి వచ్చారు. అక్కడ ఆవిడ నాటినవి వంద దాకా ఉండేవి. నేను వెయ్యి అని చెబుతుంటాను, వందే. ఒక పొద్దున డయానా నాకు ఫోను చేసింది. "మేస్టారుగారూ, మామ్మ గొడ్డలి పట్టుకుని కొండెక్కింది. లక్ష్మీకాంత్‌గారిని కూడా రమ్మని కబురు పెట్టింది. నాకు భయంగా ఉందండీ." నేను ఆటో ఎక్కి వెళ్లాను.

నేను చేరేసరికి ఆవిడ ఒక చెట్టు ముందు నుంచుని ఉంది. పన్నెండేళ్ల చెట్టు, తొడంత లావు. చేతిలో అంతోని గొడ్డలి. లక్ష్మీకాంత్ మోటారు సైకిలు దిగి పరుగున వచ్చాడు.

"మామ్మా, ఏం చేస్తున్నారు?"

"నువ్వొచ్చేదాకా ఆగాను బాబూ. చూడు."

డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. మొదటి దెబ్బ జారింది. రెండోది దిగింది. ఇరవై ఆరేళ్లుగా ఆ కొండ మీద పచ్చికొమ్మ విరవనివ్వని మనిషి, పది పన్నెండు దెబ్బల్లో ఆ చెట్టుని పడగొట్టింది. పొణికి కదా, చప్పుడు కూడా పెద్దగా చెయ్యలేదు. ఆవిడ ఆయాసపడుతూ దాని మీదే కూర్చుంది.

"ఇప్పుడు రాయి" అంది.

"ఏం రాయాలి మామ్మా?"

"చీటీ. శౌరమ్మ, తండ్రి రాయప్ప, జోజిపాలెం. నెమళ్లబోడు మీద పొణికి చెట్టు కొట్టింది. తారీకు వెయ్యి. జరిమానా కడతాను."

లక్ష్మీకాంత్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇప్పుడు రాసినా అది డెబ్బై అయిదేళ్ల నాటిది అవదు మామ్మా."

"నాకు తెలీదా? నేను దానికి అడగట్లేదు. ఈ కొండ మీద మా పేరున్న కాగితం ఒక్కటి. దొంగ అనే రాయి. ఏం ఫరవాలేదు. రాయి."

అతను నా వైపు చూశాడు, యంత్రాల వైపు చూశాడు. 

"నేను రాయలేను మామ్మా. కిందటి నెలే ఇది అడవి లెక్కలోంచి తీసేశారు. ఇక్కడ చెట్టు కొడితే నేరం కాదు. ఇది అడవి కాదు."

"అడవి కాదా?"

"కాదు మామ్మా."

ఆవిడ చుట్టూ చూసింది. తొంభై తొమ్మిది పొణికి చెట్లు, ఎక్కడో నెమలి అరుపు, దాని మీదుగా యంత్రం రొద.

"మరి నేనేం కొట్టినట్టు బాబూ?" అంది.

 అతను ఆవిడ గొడ్డలి తాను పట్టుకుని, ఆవిడ రెక్క పట్టుకుని దింపాడు. మూడు రోజుల తర్వాత ఆ గుంట లేదు. కొట్టిన చెట్టుని బొమ్మలవాళ్లకైనా ఇద్దామని నేను వెళ్లేసరికి అది కూడా మట్టితో పాటు లారీలో వెళ్లిపోయింది.

నెలాఖరుకి శౌరమ్మక్క మా ఇంటికి వచ్చింది. ఇన్‌స్టిట్యూట్ మూసి ఏళ్లయింది, మిషను మాత్రం ఉంచుకున్నాను. సమితి లేదు, కొండ లేదు. అయినా మిషను పక్కన నుంచుంది.

"ఈ నెలది కొట్టండి మేస్టారూ."

నేను కాగితం ఎక్కించాను. ఊరు, నెల, కాపలా కాసిన ఇళ్లు. నేరాలు అన్న గడి దగ్గర నా వేళ్లు వాటంతట అవే 'లే' కొట్టేశాయి.

"ఆగండి" అంది. "అది చెరిపేయండి. చెప్పింది చెప్పినట్టు కొట్టండి. శౌరమ్మ, తండ్రి రాయప్ప, ఒక పచ్చి పొణికి చెట్టు నరికినది. అంతకుముందు ఇరవై ఆరేళ్లుగా చీపురుపుల్ల, చింతపండు, ఎండుకట్టెలు తెచ్చుకున్నది. ఆమె తండ్రి తెచ్చుకున్నాడు. ఆయన తండ్రి తెచ్చుకున్నాడు."

కొట్టాను. ఒక్క మాట కలపలేదు. వేలిముద్ర వేసింది. ఇద్దరం కలిసి ఆఫీసుకి తీసుకెళ్లాం. కౌంటర్లో అమ్మాయి అటూ ఇటూ తిప్పి చూసి, ఆ బీటు ఎత్తేశారండీ, ఈ కాగితం ఏ ఫైల్లో పెట్టాలో మాకు తెలీదు అని వెనక్కి ఇచ్చేసింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది.

"మీ దగ్గర ఉంచండి. మా ఇంట్లో వద్దు. విభూది బుధవారం వస్తే మా వాళ్లు అలవాటు కొద్దీ కుంపట్లో వేసేస్తారు."

నా దగ్గరే ఉంది.